సగంలో ఆగిన పాఠాలు

విజయవాడ, వించిపేట
జనవరి

డయానాకు,

ఫోన్ చేస్తే "బాగున్నా" అంటావు. వాట్సాప్‌లో "సరే" అని ఒక్క ముక్క పెడతావు. హాస్టల్లో మూడేళ్ళు నీ పక్క మంచం మీద పడుకున్నదాన్ని, నీ "బాగున్నా"లో ఎన్ని రకాలున్నాయో నాకు తెలుసు. అందుకే ఈమెయిల్ రాస్తున్నాను. నీ కంప్యూటర్ దీన్ని ఆ ముక్కుతో మాట్లాడే గొంతుతో చదివి వినిపిస్తుంది కాబట్టి నా తిట్లు కూడా నీకు మర్యాదగానే వినపడతాయి. నువ్వూ ఉత్తరమే రాయాలి.

విషయానికొస్తాను. జూన్‌లో టీచర్ పోస్టుల పరీక్ష. పోయినసారి నీకు బ్రెయిలీ పుస్తకాలు పరీక్ష నెత్తిమీదికొచ్చాక చేరాయి. అయినా కొద్దిలో పోయింది. అవి వేళకు చేరి ఉంటే నువ్వీపాటికి ఏదో బళ్ళో పిల్లల్ని అదిలిస్తూ ఉండేదానివి. కంప్యూటర్ చదివింది నీకు నిలవదని, వేలితో చదివితేనే బుర్రకెక్కుతుందని నాకు తెలుసు. ఈసారి అలా జరగనివ్వను.

టైప్ చెయ్యడానికి ముగ్గురు దొరికారు. గన్నవరంలో మా హైస్కూలు తెలుగు మాస్టారు వెంకటేశ్వరరావు గారు. రిటైరయ్యాక పేపర్లో తప్పులు దిద్దుకుంటూ కాలక్షేపం చేస్తున్నారు. మైలవరంలో శౌరమ్మ టీచర్, సోషల్ చెబుతారు. మూడో మనిషి మా కరిముల్లా భాయ్. మంగళగిరిలో తన చీరల కొట్లో కూర్చుని, బేరాల మధ్యలో టైప్ చేస్తానన్నాడు. ముగ్గురూ రాసినవి ఇంటర్నెట్ మీదుగా వచ్చి ఒకే ఫోల్డర్‌లో పడతాయి. ఇక్కడొక ట్రస్టు ఆఫీసులో బ్రెయిలీ ప్రింటర్ ఉంది కానీ దాని దగ్గర కూర్చునే మనిషి లేడు. నా డ్యూటీ అయ్యేసరికి వాళ్ళు తాళం వేసేస్తారు. అందుకని మనిషికి బదులు ఒక ప్రోగ్రాం రాశాను.

దాని పని ఒక్కటే. ఫోల్డర్ గుమ్మంలో కూర్చుని చూస్తూ ఉంటుంది. కొత్త ఫైల్ వచ్చినా, ఉన్న ఫైల్ మారినా వెంటనే దాన్ని బ్రెయిలీలోకి మార్చి ప్రింటర్‌కు పంపుతుంది. మా అమ్మమ్మ నానీమా అరుగు మీద కూర్చుని వీధిలో ఎవరొచ్చారు, ఎవరెళ్ళారు అని చూసేది కదా, అచ్చం అదే ఉద్యోగం. మొదట్లో ఒక్కో ఫైల్‌కూ ఒక్కో కాపలా పెట్టాను. శౌరమ్మ గారి కంప్యూటరేమో సేవ్ చేసినప్పుడల్లా పాత ఫైల్ తీసేసి అదే పేరుతో కొత్తది పెడుతుంది. నా కాపలావాడు పోయిన ఫైల్‌నే కాస్తూ కూర్చున్నాడు. జుట్టు పీక్కుని పీక్కుని, కాయాల్సింది ఫైల్‌ని కాదు, ఫోల్డర్‌ని అని తెలుసుకున్నాను. ఆఫీసులో చెబితే ఎవరూ గొప్పనుకోలేదు. కనీసం నువ్వైనా మెచ్చుకో.

మొదటి కట్ట వారంలో బస్సు పార్సిల్లో వస్తుంది.

నీ ఫౌజియా

*

మచిలీపట్నం, చిలకలపూడి
ఫిబ్రవరి

ఫౌజీకి,

మెచ్చుకున్నాను. మొహమాటానికి కాదు. నాకోసం ఒక ఫోల్డర్ పగలూ రాత్రీ కాపలాలో ఉందని తలుచుకుంటే ఏదో జమీందారిణిలా అనిపిస్తోంది.

పార్సిల్ చేరింది. అమ్మ బస్టాండుకు వెళ్ళి తెచ్చింది. ఇప్పుడు నవ్వకుండా విను. మొదటి కాగితం మీద వేలు పెడితే "శ్రీ" అని ఉంది. అంతే, తక్కిన కాగితమంతా నున్నగా ఉంది. రెండో కాగితం మీద 786. మూడోదాని మీద శిలువ గుర్తు. తర్వాత మళ్ళీ శ్రీ, దాని కింద ఒక వాక్యం. ఆ తర్వాతి కాగితంలో శ్రీ, అదే వాక్యం, ఇంకో వాక్యం. అలా ఒక్కో వాక్యం పెరుగుతూ బొత్తి బొత్తంతా అదే. "ఏం పాఠం వచ్చిందే?" అని అమ్మ అడిగింది. "దేవుళ్ళందరూ ముందే వచ్చేశారమ్మా, పాఠమే ఇంకా దారిలో ఉంది" అన్నాను. మా అమ్మ మార్త గారు ఎంత భక్తురాలో నీకు తెలుసు కదా, ఆవిడే కుట్టుమిషన్ మీద తల పెట్టుకుని నవ్వింది.

నాకు తోచింది చెబుతాను. ముగ్గురూ ఖాళీ ఫైల్ తెరవగానే ముందు తమ గుర్తు పెట్టుకుని, సేవ్ చేసి, అప్పుడు పాఠం మొదలుపెడుతున్నారు. మీ నానీమా గుమ్మంలో కాలు పెట్టినవాళ్ళను పెట్టినట్టే పట్టుకుని నా దగ్గరికి తోలేస్తోంది.

వాళ్ళతో మాత్రం ఏమీ అనకు. ఊరికే చేస్తున్నవాళ్ళు.

డయానా

*

విజయవాడ
ఫిబ్రవరి ఆఖరు

డయానా,

అన్నాను. నువ్వు వద్దన్న పని చెయ్యకపోతే నాకు అన్నం సహించదు కదా.

"మీ గుర్తులు దయచేసి మానండి" అని గ్రూపులో పెట్టాను. అంతే, ఫోల్డర్‌లో అలికిడి లేదు. ఒక్క ఫైల్ రాదు. భాయ్‌కి ఫోన్ చేశాను. "ఏమే ఫౌజీ, 786 వెయ్యకుండా ఎట్టా మొదలెట్టమంటావ్? చెయ్యే రావట్లా" అన్నాడు. మాస్టారు ఇంకా మర్యాదగా, "అమ్మాయ్, పలక పట్టిన్నాటి అలవాటు. నువ్వే ఏదో ఒక ఉపాయం చూడు తల్లీ" అన్నారు. శౌరమ్మ గారు ఫోనే ఎత్తలేదు. ముగ్గురికీ సారీ చెప్పి, గుర్తులు భేషుగ్గా పెట్టుకోండి అన్నాను. ఆ సాయంత్రమే మూడు ఫైళ్ళు వచ్చాయి.

వాక్యానికో కాగితం సంగతీ తెలిసింది. మాస్టారు కంప్యూటర్ నేర్చుకున్న కాలంలో కరెంటు ఎప్పుడు పోయేదో తెలియదట. ఆ భయంతో ఇప్పటికీ వాక్యం వాక్యానికీ సేవ్ కొడతారు. ఆయన కొట్టినప్పుడల్లా మనవాడు ప్రింట్ తీశాడు. ట్రస్టు మేనేజరు కాగితాల కట్ట చూసి గుండె పట్టుకున్నాడు.

అందుకని రెండు నియమాలు పెట్టాను. ఫైల్ మారగానే ఎగబడకూడదు. పదిహేను నిమిషాలు ఏ మార్పూ లేకపోతే పాఠం పూర్తయిందని అనుకోవాలి, అప్పుడే ప్రింట్ తియ్యాలి. రెండోది, ఒకసారి ప్రింట్ తీసిన పాఠం జోలికి మళ్ళీ పోకూడదు. ఇప్పుడు అంతా సాఫీగా నడుస్తోంది. ట్రస్టువాళ్ళు ప్రింటర్ చుట్టూ నిలబడి ఆ చుక్కలు పడటం చూసి మురిసిపోతున్నారు. వాళ్ళలో ఒక్కరికీ బ్రెయిలీ రాదనుకో. నాకూ రాదు. చదవగలిగేది నువ్వొక్కదానివే, ఎలా ఉందో చెప్పు.

ఫౌజియా

*

మచిలీపట్నం
మార్చి

ఫౌజీకి,

పార్సిళ్ళు వరసగా అందుతున్నాయి. అంతా బాగుంది. ముగ్గురికీ నా నమస్కారాలు చెప్పు. ఇంత శ్రమ పడుతున్నందుకు వాళ్ళకు ఎంతో రుణపడి ఉంటాను.

చిన్న సందేహం. నదుల పాఠంలో గోదావరి తర్వాత ఏముంటుందో నీకేమైనా గుర్తుందా? ఊరికే అడుగుతున్నాను. మాస్టారు చూసి రాసే గైడు కొంచెం క్లుప్తంగా ఉంటుందా?

ఎండలు ముదురుతున్నాయి. ఆరోగ్యం జాగ్రత్త.

డయానా

*

విజయవాడ
ఏప్రిల్

డయానా గారికి,

అవును, గారే. "ఎంతో రుణపడి ఉంటాను" అని నాకు రాసేవాళ్ళను నేను గారు అనే పిలుస్తాను.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మనసు మనసులో లేదు. నువ్వు "ఊరికే అడుగుతున్నాను" అన్నావంటే ఊరికే అడగటం లేదన్నమాట. ఆదివారం మామిడిపళ్ళు పట్టుకుని గన్నవరం వెళ్ళాను. మాస్టారు కంప్యూటర్ ముందు కూర్చుని శ్రద్ధగా టైప్ చేస్తున్నారు. "మన దేశపు ప్రధాన పంటలలో" అని కొట్టారు, సేవ్ చేశారు. లోపల్నుంచి ఇందిరాదేవి గారు "అన్నం చల్లారిపోతోందండీ, ఆ పిల్ల కూడా ఆకలితో ఉంటుంది" అని కేకేశారు. వాక్యం అక్కడే వదిలేసి లేచారు. భోజనం దగ్గర వాళ్ళబ్బాయి శ్రీచరణ్ ఉద్యోగం కబుర్లు, గోంగూర, మళ్ళీ కబుర్లు. ఆ తర్వాత ఆయన ఒక కునుకు కూడా తీస్తారట.

నేను మజ్జిగ పోసుకుంటుంటే నా ఫోన్ మోగింది. నా ప్రోగ్రామే. "పంటల పాఠం ప్రింట్ అయింది" అని మెసేజ్. పాఠం రాసే మనిషి నా పక్కన కూర్చుని ఆవకాయ నంజుకుంటున్నారు.

ఆయన నిద్ర లేచి మిగతా పాఠం పూర్తి చేస్తారు. కానీ ఒకసారి ప్రింట్ తీసినదాని జోలికి వెళ్ళొద్దని నేనే కదా చెప్పాను. ఆ మిగతా సగం నీకు ఎప్పటికీ రాదు. భాయ్ నమాజుకు వెళ్ళినా అంతే, శౌరమ్మ గారు బడికి వెళ్ళినా అంతే.

ఎన్ని పాఠాలు సగాలే వచ్చాయి? ఎప్పట్నుంచి? నాకెందుకు చెప్పలేదు? పరీక్ష నీదా, నాదా? ఇన్నాళ్ళూ "అంతా బాగుంది" అని ఏ నోటితో రాశావే?

ఫౌజియా

*

మచిలీపట్నం
ఏప్రిల్

ఫౌజీ,

వచ్చినవాటిలో దాదాపు సగం సగాలే. ఫిబ్రవరి చివర్నుంచీ అంతే.

ఎందుకు చెప్పలేదంటే భయపడ్డాను. హాస్టల్లో రెండో ఏడాది ఆదివారాలు నాకు చదివి వినిపించడానికి ఒకావిడ వచ్చేది, గుర్తుందా? ఎందుకు మానేసిందని నువ్వడిగితే ఇల్లు మారారని చెప్పాను. నిజం అది కాదు. ఆవిడ ఒకరోజు రెండు పేజీలు ఒకేసారి తిప్పేసింది. మధ్యలో ఏదో పోయినట్టుందండీ అన్నాను. "నీకెలా తెలుస్తుంది?" అంది. మళ్ళీ ఆదివారం రాలేదు. ఆ పుస్తకంలో మిగిలిన సగం నాకు చదివి పెట్టేవాళ్ళే దొరకలేదు. అప్పట్నుంచి ఇచ్చినంత పుచ్చుకుని థాంక్స్ చెప్పడం నేర్చుకున్నాను. మాట అంటే ఉన్న సగం కూడా పోతుందేమో అని. నిన్నూ ఆవిడతో జమ కట్టినందుకు నాకు సిగ్గుగా ఉంది. కానీ అది ఆలోచించి చేసింది కాదు ఫౌజీ, అదే వచ్చేస్తుంది.

ఖాళీగా మాత్రం కూర్చోలేదు. అమ్మ రోజూ మిషన్ ఆపి, పక్కింటివాళ్ళ పాత పుస్తకాలు తెచ్చి, కూడబలుక్కుని చదివింది. కొన్ని సగాలకు మిగతా సగాలు అలా అతికించుకున్నాను. ఎవరి పాఠం ఎక్కడ తెగుతుందో కూడా తెలిసిపోయింది. మాస్టారివి భోజనం దగ్గర, శౌరమ్మ గారివి బడి వేళకు. మీ భాయ్‌వి బేరం తగిలితే చాలు.

ఇంకో సంగతి. పూర్తిగా వచ్చిన పాఠం నా వేలికి ఇట్టే తెలుస్తుంది. మాస్టారు చివర "శుభం" అని రాస్తారు. శౌరమ్మ గారు "ఆమెన్" అంటారు. మీ భాయ్ రాజ్యాంగం పాఠానికి కూడా చివర "ఖుదా హాఫిజ్" చెప్పి వెళతాడు. మొదట్లో నవ్వుకునేదాన్ని. ఇప్పుడు ఆ మాట తగలగానే హమ్మయ్య, మొత్తం వచ్చింది అనుకుంటున్నాను. ముగ్గురిలో ఎవరూ ఒక్కసారి కూడా మర్చిపోలేదు. నీ ప్రోగ్రాం గడియారం చూసే బదులు ఆ మాట కోసం చూడకూడదా?

కోపం వచ్చిందా?

డయానా

*

విజయవాడ
ఏప్రిల్ ఆఖరు

ఒసే డయానా,

వచ్చింది. మొదటిసారి చదివినప్పుడు నీ మీద, రెండోసారి ఆ ఆదివారం మనిషి మీద, మూడోసారి నా మీద. ఆ తర్వాత మీ అమ్మ మిషన్ ఆపి కూడబలుక్కుని చదవడం కళ్ళ ముందు కనపడి ఏడ్చాను. ఏడుపు అయ్యాక నీ ఆఖరి పేరా మళ్ళీ చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఎంత గొప్ప తెలివే నీది! ఒక పని ఎప్పుడు పూర్తయిందో చెప్పమని నేను నిమిషాలు లెక్కపెడుతున్నాను. రాసినవాళ్ళే చివర ఒక మాట చెప్పి లేస్తున్నారు, అది నాకు కనపడనే లేదు. ఆ రాత్రే మార్చేశాను. ఇప్పుడు కాపలా ఫోల్డర్‌నే కాస్తుంది, కానీ ఎవరు కదిలినా ఎగబడదు. ఫైల్ తెరిచి ఆఖరి లైన్ చూస్తుంది. ఆ మూడు మాటల్లో ఒకటి ఉంటేనే ప్రింటర్‌కు పంపుతుంది. లేకపోతే భోజనాలూ నమాజులూ అయ్యేదాకా ఓపిగ్గా కూర్చుంటుంది. సగాలుగా వచ్చిన పాఠాలన్నీ మొదటి నుంచీ మళ్ళీ తీయించాను. రేపటి బస్సులో వస్తాయి.

ముగ్గురికీ సంగతంతా చెప్పేశాను, నిన్ను అడగలేదు. మాస్టారు, "తప్పు కనపడి కూడా ఊరుకుందా ఆ పిల్ల? అంత పరాయివాళ్ళమై పోయామా అమ్మాయ్?" అన్నారు. శౌరమ్మ గారు ఏడ్చారు. భాయ్ ఒకరోజు అలిగాడు, నిజమే చెబుతున్నాను. మర్నాడు తనే ఫోన్ చేసి, "ఆ అమ్మాయికి ఇంకేం తేడాలున్నాయో కనుక్కో" అన్నాడు. చూశావా, ఎవరూ మానెయ్యలేదు.

ఇకనుంచి మా తప్పులు ఎత్తిచూపని ఉత్తరం నాకు రాయొద్దు. నమస్కారాలూ రుణాలూ నాకక్కర్లేదు.

ఫౌజియా

*

మచిలీపట్నం
మే

ఫౌజియాకు ఫిర్యాదులు,

మీ భాయ్ పట్టికలు ఎగ్గొడుతున్నాడు. "ఇక్కడ పట్టిక కలదు" అని రాసి ముందుకు పోతాడు. కలిగి నాకేం లాభం?

మాస్టారు పాఠంలో తన అభిప్రాయాలు కలుపుతున్నారు. అశోకుడు యుద్ధం మానేసిన చోట "ఈ బుద్ధి ముందే ఉండాల్సింది" అని ఉంది. పరీక్షలో రాస్తే మార్కులు పడవు.

శౌరమ్మ గారి మీద చెప్పడానికి ఏమీ దొరకలేదు. రెండుసార్లు వెతికాను.

నీ మీద ఒకటుంది. పేజీ నంబర్లు ప్రతి పాఠానికీ ఒకటి నుంచి మొదలవుతున్నాయి. మొన్న ఫ్యాన్ గాలికి కట్ట చెదిరితే మధ్యాహ్నమంతా ఏరుకున్నాను.

ఇది రాయడానికి మూడు రోజులు పట్టింది. మొదటి ఫిర్యాదు రాసి చెరిపేశాను, మళ్ళీ రాశాను. రాసేశాక మాత్రం ఆకలేసింది.

డయానా

*

విజయవాడ
మే

డయానా,

పట్టికలు వస్తున్నాయి, పేజీ నంబర్లు సరిచేశాను. అశోకుడి గురించి మాస్టారు వెనక్కి తగ్గనంటున్నారు, ఆ వాక్యం నువ్వే దాటెయ్యి. నీ ఉత్తరం ఆఫీసులో పైకి చదువుకుని ఎంత నవ్వానో! పరీక్షకు విజయవాడే కదా రావాలి, ముందురోజు రాత్రి నువ్వూ అమ్మా మా ఇంట్లో పడుకోండి. బిర్యానీ చెయ్యను, కడుపు బరువవుతుంది. పెరుగన్నం పెడతాను.

ఫౌజియా

*

మచిలీపట్నం
జూన్

ఫౌజీ,

హాలు బయట నువ్వడిగితే "బాగా రాశాను" అని బస్సెక్కేశాను. అసలు సంగతి ఉత్తరంలోనే చెప్పాలనిపించింది.

నాకు తోడిచ్చిన అమ్మాయి కంప్యూటర్ మీద ప్రశ్న చదవాలి, నేను జవాబు చెప్పాలి, తను మౌస్‌తో నొక్కాలి. చురుకైన పిల్లే, కాకపోతే తొందర. కొన్ని ప్రశ్నలయ్యాక గమనించాను, నేను నోరు తెరవకముందే క్లిక్ వినపడుతోంది. తనకు తోచింది ముందే నొక్కి, నేను చెప్పాక మారుస్తోందేమో. మారుస్తోందో లేదో నాకెలా తెలుస్తుంది?

అడిగితే నొచ్చుకుంటుంది. నొచ్చుకుంటే మిగతా పరీక్షంతా ఆ పిల్ల చేతిలోనే ఉంది. పోనీలే, బాగానే నొక్కుతూ ఉంటుంది అనుకున్నాను. ఒక ప్రశ్న అలాగే పోనిచ్చాను కూడా. రెండోదానికి ఊరుకోలేకపోయాను.

"ఇప్పటిదాకా ఏవి నొక్కారో ఒక్కసారి చదివి వినిపించండి" అన్నాను.

"మీరు చెప్పినవే నొక్కాను మేడమ్. నా మీద నమ్మకం లేదా?" అంది.

"నమ్మకం లేక కాదమ్మా. ఇది నా పరీక్ష. నేను వినాలి" అన్నాను.

చదివింది. మూడోదాని దగ్గర ఆగిపోయింది. నేను చెప్పింది ఒకటి, అక్కడ ఉన్నది ఇంకోటి. తర్వాత ఇంకొకటి కూడా అలాగే దొరికింది. రెండూ మార్చింది. అంతే, అయిపోయింది, ఇక విసుక్కుంటుంది అనుకున్నాను. కానీ అక్కడ్నుంచి ప్రతి జవాబూ నొక్కాక నేను అడగకుండానే చదివి వినిపించింది. బయటికి తీసుకొస్తూ నా చెయ్యి పట్టుకుని "సారీ అక్కా" అంది.

పరీక్ష ఎలా రాశానో రిజల్ట్ చెబుతుంది. నేను అడిగాను, అది మాత్రం ఇప్పుడే నీకు చెప్పాలి.

డయానా

*

విజయవాడ
జూలై

నా డయానా,

నీ ఉత్తరం మాస్టారికి ఫోన్లో చదివి వినిపించాను. "నేను వినాలి" అన్న చోట ఆయన "మళ్ళీ చదువమ్మా" అన్నారు. మళ్ళీ చదివాను. భాయ్ కొట్లో చీరలు చూస్తున్నవాళ్ళను ఆపి మరీ చెప్పాడట, ఎవరి పరీక్షో ఏమిటో వాళ్ళకేం తెలుసు పాపం.

నేను ఆఫీసులో పెద్ద పెద్ద మీటింగుల్లో కూర్చుంటాను. తప్పని తెలిసీ ఎవరి మొహం మాడుతుందోనని నోరు మూసుకున్న రోజులు బోలెడు. నువ్వు ఎదుటివాళ్ళ మొహం కూడా చూడకుండా, నీ ఇన్ని నెలల కష్టం మొత్తం ఆ పిల్ల చేతిలో ఉండగా అడిగావు. నీ స్నేహితురాలినని చెప్పుకోవడానికి నాకు గర్వంగా ఉంది. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

ఫౌజియా

*

చల్లపల్లి
అక్టోబరు

ఫౌజీకి,

రిజల్ట్ వచ్చిన రోజు ఫోన్లో ఇద్దరం సంతోషంతో కేకలు పెట్టడమే సరిపోయింది, ఒక్క ముక్కా మాట్లాడలేదు. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

నిన్న బళ్ళో చేరాను. సోషల్ టీచర్ డయానా. అమ్మ స్టాఫ్ రూము దాకా వచ్చి, నా కొంగు సర్ది, బయట వరండాలో కూర్చుంది. సాయంత్రం దాకా వెళ్ళనే లేదు. పిల్లలు మొదటి పది నిమిషాలు గుసగుసలాడారు. తర్వాత నదులు మొదలుపెట్టాను. గోదావరి తర్వాత ఏముందో కూడా చెప్పాను.

హెడ్మాస్టరు గారు మంచివారు. క్లాసు అయ్యాక పిలిచి, "మీకు ఏ ఇబ్బందీ లేదు కదమ్మా? ఏమైనా ఉంటే మొహమాటపడకుండా చెప్పండి" అన్నారు. మామూలుగా అందరూ అనే మాటే. ఏమీ లేదండీ, అంతా బాగుందండీ అనడానికి నా నోరు అప్పుడే సగం తెరుచుకుంది.

"ఉన్నాయి సార్" అన్నాను. వరండాలో సైకిళ్ళు అడ్డంగా పెడుతున్నారు. నా టైమ్‌టేబుల్ కాగితం మీద ఇచ్చారు, కంప్యూటర్‌లో పంపాలి. పై అంతస్తు మెట్లకు ఒకవైపు రైలింగ్ ఊగుతోంది. స్టాఫ్ మీటింగులో బోర్డు మీద రాసేది ఎవరైనా పైకి చదవాలి. ఆయన ఒక్కొక్కటీ రాసుకున్నారు, పెన్ను చప్పుడు నాకు వినపడుతూనే ఉంది.

"ఇంకేమైనా ఉందా అమ్మా?" అన్నారు.

"ఉంటుంది సార్. ఇవాళ మొదటి రోజే కదా, రేపు చెబుతాను" అన్నాను.

డయానా